నైరుతి మూలలో కారు గుంత

మీ ఇంట్లో నైరుతి మూల ఎటుందో మీకు తెలుసా, తెలియదా? జవాబు చెప్పనక్కరలేదు. తెలుసు. ముత్తాత పేరు అడిగితే తడుముకుంటారు. ఇంటి పన్ను కట్టినారా అని అడిగితే గోడ వైపు చూస్తారు. నైరుతి ఎటని అడిగితే మాత్రం నిద్రలో లేపినా వేలు చూపిస్తారు. ఇంతమందికి ఒక దిక్కు ఇంత కచ్చితంగా తెలియడం చిన్న విషయం కాదు. సముద్రాల మీద ఓడలు నడపవలసినవాళ్లం. గోడలు పగలగొట్టి మళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాం.

నేను చెప్పేది యాభైల చివరి ఏళ్ల మాట. అప్పుడు అనంతపురంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి. సభకు వచ్చినవాళ్లు గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్లు. ఇంటికి పోయేటప్పుడు పిల్లి అడ్డం వస్తే కాసేపు నిలబడి, ఇంకెవరైనా ముందు దాటినంక పోయేవాళ్లు. నాకు అప్పటికి పెళ్లి కాలేదు. మా నాయన ఇల్లు నా పేరు మీద రాసి కన్నుమూసినాడు. ఆ ఇంట్లో నేనూ మా అమ్మా, ఇద్దరమే.

నాకు కార్ల పిచ్చి. దీనికి హేతువు అడగకండి, అది నా సొంత విషయం. నాలాంటి పిచ్చివాళ్లు ఊళ్లో ఇంకో ఇద్దరు దొరికినారు. ఒకాయన బస్సుల షెడ్డులో మెకానిక్కు, క్రైస్తవుడు. రోజంతా బస్సుల కింద పడుకుని, సాయంత్రం కారు గురించి మాట్లాడడానికి మా ఇంటికి వచ్చేవాడు. ఇంకొకాయన బుక్కరాయసముద్రంలో మెట్ట భూములున్న రైతు. ఆయనకు కారు నడపడం రాదు. కారు చప్పుడు వినడం వచ్చు. దూరంగా పోయే కారు చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. ఆ కారు మనకు దొరకదు కాబట్టి, ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చుకునే వీలుండేది కాదు.

విడపనకల్లు వైపు ఒక భూస్వామి, ఎలక్షన్లలో తిప్పిన కారును, ఓడిపోయినంక గొడ్ల పాకలోకి తోసేసినాడు. మేము పోయి చూసేసరికి వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ముందు సీట్లో పెట్టేవి కావు. కారణం కనుక్కోలేదు.

"తీసుకుపోండప్పా, పుణ్యముంటాది," అన్నాడాయన. "అది కంట్లో పడితే నాకు ఓట్లు గుర్తొస్తాండాయి."

శెనక్కాయల లారీ వెనక మోకు కట్టి దాన్ని అనంతపురం లాక్కొచ్చినాము. బాగు చేయడానికి చోటు కావాలి. బస్సుల షెడ్డులో సొంత కారు పెట్టనీయరు. అందుకే మా పెరట్లో మేమే ఒక షెడ్డు కట్టుకోవాలని తీర్మానించినాము. చుట్టూ బండలు నిలబెట్టి, పైన రేకులు వేసి, మధ్యలో ఒక గుంత. షెడ్డుకు ప్రాణం గుంతే. కారు కింద పని చేయాలంటే రెండు దారులు. కారును జాకీతో ఎత్తి దాని కింద పడుకోవడం ఒకటి. మనిషి ఎత్తు గుంత తవ్వి, కారును దాని మీద నిలిపి, కింద నిలబడి పని చేయడం ఇంకొకటి. మొదటి దారిలో కారు మనిషి మీద పడుతుంది. రెండో దారిలో పడదు. మేము బతకాలనుకున్నాము కాబట్టి గుంత తవ్వాలనుకున్నాము.

మా ఇంటి ముందరి సందు ఆవు ఎదురొస్తే మనిషి వెనక్కి నడవాల్సినంత ఇరుకు. వెనక వైపు, నైరుతి మూలలో గోడ పగలగొడితే మాత్రం బండ్ల దారి తగులుతుంది. కారు రావాలంటే అటే రావాలి. కారు వచ్చే చోటే షెడ్డు, షెడ్డు ఉన్న చోటే గుంత. ఇందులో నా కుట్ర ఏమీ లేదు.

నేను సున్నంతో నేల మీద గీతలు గీస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఏమప్పా ఇది? ముగ్గా?"

"గుంతమ్మా. కారు కింద నిలబడేదానికి."

"ఇది ఏ మూల?"

"వెనక మూల."

"వెనక మూలకు పేరు లేదా?"

నేను సున్నం గీత ఇంకాస్త పొడిగించినాను. అమ్మే చెప్పింది. "నైరుతిలో గుంత తవ్వితే ఇంటి యజమాని బతకడు. మీ నాయన పోయినాడు. నాకు మిగిలింది నువ్వొక్కడివే. ఆ గుంత మీదికి కారెక్కిన రోజు నేను సోమందేపల్లెకు, మా తమ్మునింటికి పోతా. నీ చావు చూసేదానికి ఈడ ఉండను."

మా అమ్మ ఉత్త బెదిరింపులు చేసే మనిషి కాదు. సాయంత్రానికే ఇనప పెట్టె సర్ది వాకిట్లో పెట్టింది. నాకు గుంత కావాలి. అమ్మ కావాలి. రెండూ ఒకే ఇంట్లో ఉండే దారి కనబడలేదు.

మరుసటి ఆదివారం అమ్మ వాస్తు చూసే ఆయన్ను పిలిపించింది. మేము ముగ్గురమూ గీతల దగ్గరే ఉన్నాము. ఆయన వచ్చి గొడుగు ముడిచి, గొడుగుతోనే మూలను కొలిచినాడు.

"పెళ్లి చేసుకోరా అంటే కారును తెచ్చుకున్నాడు సామీ," అని అమ్మ పరిచయం చేసింది.

"నైరుతి ఎత్తుగా ఉండల్ల. బరువుగా ఉండల్ల," అన్నాడాయన. "గుంత పనికిరాదు."

రైతు ముందుకొచ్చినాడు. "బరువే కదా సామీ మేము పెడతాండేది. కారు కంటే బరువేముంటాది?"

"కారు కదిలే బరువు. లేచి పోయే బరువు లెక్కకు రాదు."

"ఈ కారు యాడికీ పోదు సామీ. పోయేదైతే గుంతతో మాకేం పని?"

ఆయన రైతును వదిలి మెకానిక్కు వైపు తిరిగినాడు. "మీ వాళ్లలో వాస్తు చూడరా అప్పా?"

"మా ఇల్లే ఒక మూల సామీ," అన్నాడు మెకానిక్కు. "దానికి మళ్లీ నాలుగు మూలలు యాడ తెచ్చేది?"

నేను సభలో అడిగినట్టు అడిగినాను. "దోషం ఎవరికి తగులుతుంది? గుంత తవ్వినవానికా, దిగినవానికా?"

"యజమానికి. ఇంటి పత్రంలో ఎవరి పేరుంటే వాళ్లకు."

"అంటే యముడు రిజిస్టరు ఆఫీసుకు పోయి పేరు చూసుకుని బయలుదేరుతాడా?"

"అవన్నీ శాస్త్రం చూసుకుంటాది," అన్నాడాయన, నొచ్చుకోకుండా. తరువాత విరుగుడు కూడా చెప్పినాడు. ఈశాన్యంలో ఇంతకంటే లోతుగా ఇంకో గుంత తవ్వితే నైరుతి గుంత దోషం పోతుందట. ఒక గుంతకు మందు ఇంకో గుంత. మా జిల్లాలో బావులన్నీ ఈశాన్యం చూసి తవ్వినవే. నీళ్లే శాస్త్రం చదువుకోలేదు. కరువులో ఇళ్లు వదిలి వలస పోయినవాళ్లలో వాస్తు తప్పినవాళ్లు ఎందరు, వాస్తు కుదిరినవాళ్లు ఎందరు అని ఆయన్ను అడిగినాను. అది వేరే విషయమన్నాడు. ఈ దేశంలో లెక్క అడిగితే ప్రతి విషయమూ వేరే విషయమే.

రెండో గుంత తవ్వనని నేను తేల్చి చెప్పినాను. అమ్మ నాతో వాదించలేదు. వాస్తు ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చి, పత్రంలో పేరున్నవాళ్లకేనా, కచ్చితంగానా, అని మళ్లీ అడిగింది. కచ్చితంగా, అన్నాడాయన. అమ్మ తల ఊపి లోపలికి పోయింది.

మేము గోడ పగలగొట్టినాము. కారును లోపలికి తోసినాము. ఆ మూలలో అంతా గరుసు నేల. గడ్డపార వేస్తే గుడి గంటలాగా మోగేది, మట్టి మాత్రం రాలేది కాదు. సాయంత్రాల్లో తవ్వుతూ పోయినాము. గుంత మోకాళ్ల లోతు ఉన్నప్పుడు వీధిలో వాళ్లు లంకెబిందెలు దొరికినాయా అని అడిగినారు. నడుము లోతుకు వచ్చేసరికి, దొరికినా వీడు చెప్పడు అన్నారు. అమ్మ రోజూ పొద్దున వచ్చి లోతు చూసి పోయేది. ఇనప పెట్టె వాకిట్లోనే ఉంది. దాని మీద కూర్చుని శెనక్కాయలు వొలిచేది.

గుంత పూర్తయింది. లోపల బండలు పరిచి, దిగడానికి ఒక నిచ్చెన పెట్టినాము. ఇంజనును బయటకు తీసే పని మిగిలింది. దాన్ని ఎత్తే గొలుసుల యంత్రం మా దగ్గర లేదు. రైతు దగ్గర కపిల బావి ఉంది. అంటే, ఎద్దులు మోకును లాక్కుంటూ పల్లంలోకి నడిస్తే తోలు బానలో నీళ్లు పైకి వచ్చే బావి. రెండేళ్ల కరువుకు అందులో నీళ్లు లేవు. గిలక ఖాళీ, మోకు ఖాళీ, ఎద్దులు ఖాళీ. అన్నీ తెచ్చి మా షెడ్డు దూలానికి కట్టినాము.

ఆదివారం పొద్దున ఎద్దులు బండ్ల దారిలో నడిచినాయి. ఇంజను కారులోనుంచి లేచి, అచ్చం నిండు బానలాగా గాలిలోకి వచ్చింది. వీధి వీధంతా వచ్చి చూసినారు. ఇక మేము కారును వెనక్కి తోసి గుంత మీద నిలపాలి. కారు పోయినంక ఖాళీ చోట ఇంజనును దింపాలి. మెకానిక్కు చక్రాల కింద రాళ్లు తీసినాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నిచ్చెన మీద ఉంది. గుంతలోకి దిగి, కొంగు పరుచుకుని, అడుగున కూర్చుంది.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"కూర్చుండాను. తోసుకోండి."

"బయటికి రామ్మా. ఇంజను గాలిలో ఉండాది!"

"ఉండనీ. నేను దాని కింద లేను కదా."

మెకానిక్కు రాళ్లు మళ్లీ చక్రాల కింద పెట్టేసినాడు. "అమ్మ లోపలుంటే నేను తోయను సార్," అన్నాడు. దారిలోనుంచి రైతు అరుస్తున్నాడు. "ఏమప్పా అయ్యవారూ, తొందరగా కానీ! ఎద్దులు నిలబడుకోనుండాయి!"

నేను గుంత అంచున కూర్చుని అమ్మకు చెప్పడం మొదలుపెట్టినాను. దిక్కులు మనిషి పెట్టుకున్న పేర్లన్నాను. భూమి గుండ్రంగా ఉందని, మన నైరుతి ఇంకొకరికి ఈశాన్యమని, పక్కింటివాళ్ల ఈశాన్యం మన గోడకు ఆనుకునే ఉందని చెప్పినాను. సభలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి.

"అయిపాయనా?" అంది అమ్మ.

"నీకు ఏం కావాలమ్మా?"

"ఇల్లు నా పేరు మీద రాయి."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పత్రంలో పేరున్నవాళ్లకే అని సామి చెప్పలేదా? నువ్వే కదా తిప్పి తిప్పి అడిగినావు. ఇల్లు నాదైతే చావు నాది. నువ్వు గుంతలో దిగు, కారు కింద పడుకో, నీ ఇష్టం. నీ జోలికి రాదు."

"అదంతా అబద్ధమమ్మా."

"అబద్ధమైతే నీకేం పోతాది? రాయి."

నేను ఇంకో ఉపన్యాసం మొదలుపెట్టబోయినాను. ఆమె నాకు వ్యవధి ఇవ్వలేదు.

"మీటింగుల్లో ఆడోళ్లకు ఆస్తి ఇయ్యల్ల అని మైకు పగిలేటట్టు అరుస్తావంట కదా. నేను ఆడదాన్నే కదప్పా?"

వీధిలో వాళ్లు నవ్వినారు. అందులో నా సభలకు వచ్చేవాళ్లూ ఉన్నారు.

"రాస్తాను. పైకి రా."

"నోటి మాట పనికి రాదు. రిజిస్టరు కావల్ల."

"రేపే పోదాం."

"అందరూ విన్నారు కదా?" అని ఆమె పైనున్న వీధిని అడిగింది. విన్నామన్నారు. అప్పుడు కొంగు దులుపుకుని నిచ్చెన ఎక్కింది.

కారు గుంత మీదికి పోయింది. ఇంజను మాత్రం దిగలేదు. కపిల ఎద్దులకు ఒక అలవాటు ఉంటుంది. బాన పైకి వచ్చి నీళ్లు ఒలికి, బరువు తగ్గినంక వెనక్కి నడుస్తాయి. ఇంజను ఒలకలేదు. ఎద్దులు మర్యాదగా ఎదురు చూస్తున్నాయి. రైతు అదిలించినాడు, బతిమాలినాడు, వాటి తల్లిని తిట్టినాడు. చివరికి అమ్మ లోపలినుంచి బిందె తెచ్చి, వాటి వెనక నిలబడి, నీళ్లు ధారగా బండ మీద పోసింది. ఆ చప్పుడు విని రెండూ ఒక్కో అడుగు వెనక్కి వేసినాయి. ఇంజను నేల మీద కూర్చుంది. ఎద్దులను నేను తప్పు పట్టను. అవి ఆ అలవాటును నిజంగా నీళ్లున్న బావి దగ్గర నేర్చుకున్నాయి. మన వాస్తు ఏ బావి దగ్గర నేర్చుకున్నామో చెప్పగలిగిన మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి అమ్మను రిజిస్టరు ఆఫీసుకు తీసుకుపోయినాను. ఆఫీసు ముందర వేపచెట్టు కింద దస్తావేజులు రాసే ఆయన అడిగినాడు. "కొడుకు తల్లికి రాస్తాండాడా? తల్లి కొడుకుకు కదా రాసేది?"

"నేనే రాస్తున్నాను," అన్నాను.

"ఏ కారణం చేత?"

నేను నోరు తెరిచేలోపల అమ్మ చెప్పింది. "నైరుతిలో గుంత తవ్వినాడు నాయనా. చావు నా మీదికి రావల్లని."

ఆయన తల ఎత్తకుండా, ఇట్లాంటివి రోజూ వినేవాడిలాగా రాసుకుంటూ పోయినాడు. తరువాత పైకి చదివి వినిపించినాడు. "ప్రేమాభిమానములచేత మీకు దఖలుపరచినాను" అని ఉంది. ఆ పత్రాల్లో అందరికీ రాసే మాటే అది. అమ్మ వేలిముద్ర వేసింది. నేను సంతకం చేసినాను.  ఇంటికి వచ్చి అమ్మ వాకిట్లో ఉన్న పెట్టెను లోపలికి తీసుకుపోయింది.

ఇంటి యజమానురాలు అయినంక ఆమె కొత్త పద్ధతి ఒకటి పెట్టింది. పొద్దున మాకంటే ముందు తాను గుంతలోకి దిగేది. అడుగున నిలబడి, అటూ ఇటూ చూసి, పైకి వచ్చేది. యజమాని ముఖం ఎవరికి చూపించాలో వాళ్లకు చూపించి వచ్చినట్టు. తరువాత "పోండి" అనేది. మేము దిగేవాళ్లం. గుంతలో బీడీ తాగకూడదు, నూనె గుడ్డలు పడేయకూడదు అని హుకుం జారీ చేసింది. రైతు ఒకసారి బీడీ వెలిగిస్తే, "ఇల్లు ఎవరిదనుకున్నావు?" అంది. ఆ మాట అనడం ఆమెకు బాగా నచ్చింది. తరువాత చాలాసార్లు, అవసరం లేకున్నా, అనేది. మెకానిక్కు గోడ పగలగొట్టినప్పటినుంచీ వెనక దారినే వచ్చి అటే పోయేవాడు. ఒకరోజు అమ్మ అతన్ని ఆపి, ముందు వాకిలినుంచి రమ్మంది. వీధిలో ఎవరో ఏదో అన్నారు. అమ్మ వాళ్లనూ అదే ప్రశ్న అడిగింది.

ఆ షెడ్డులో మేము చాలా ఏళ్లు పని చేసినాము. కారు నడిచింది కూడా. మొదటిసారి బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాకా పోయి ఆగిపోయింది. రైతు చప్పుడు విని, జబ్బు పేరు చెప్పినాడు. పెట్రోలు అయిపోయింది.

నాకు పెళ్లయింది. పురోహితుడు లేకుండా, సభలో. అమ్మ వచ్చింది. ముహూర్తం ఎవరు పెట్టినారని అడిగింది. హాలు ఖాళీగా ఉన్న రోజు చూసినామని చెప్పినాను. రోజు బాగానే ఉండాదిలే, అంది. ఎవరినో అడిగి తెలుసుకుందన్నమాట.

అరవైల చివర్లో అమ్మ పోయింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు దాటినాయి. మోకాళ్లు పట్టేసి నిచ్చెన దిగడం మానుకున్నా, గుంత అంచు దాకా వచ్చి తొంగి చూసి పోవడం మానలేదు. వీధిలో వాళ్లు నైరుతి గుంత చేసిన పనే అన్నారు. గుంతకు అంత ఓపిక ఉంటుందని నాకు తెలియదు.

కర్మకాండలు లేవు. మూడో రోజు అమ్మ ఇనప పెట్టె తెరిచినాము. ఇల్లు మళ్లీ నా పేరు మీదికి వస్తుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పెట్టెలో అమ్మ రాయించిన వీలునామా ఉంది. ఇల్లు కోడలికి. నా పేరు ఎక్కడా లేదు.

నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివింది. తరువాత అడిగింది. "మీ అమ్మ నాకు ఇల్లు ఇచ్చినట్టా, గుంత ఇచ్చినట్టా?"

రెండూ అని నేను ఒప్పుకోవలసి వచ్చింది. అమ్మకు కొడుకు ఒక్కడు యజమాని కాకుంటే చాలు. ఆ చావు తన మీదికి వచ్చినా ఫరవాలేదు, కోడలి మీదికి వచ్చినా ఫరవాలేదు. నా భార్య నవ్వింది. కోపంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఎట్లా సాధ్యమో ఆ రోజు చూసినాను. ఆమె కాగితం మడిచి దాచుకుని, పెరట్లోకి పోయి, గుంత చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, "బీడీలు తాగకూడదనే నియమం అట్లే ఉంటుంది," అంది.

మా ఇంట్లో ఆస్తి వరసగా ఇద్దరు ఆడవాళ్ల చేతికి పోయింది. నా ఉపన్యాసాలతో కాదు. ఊరూరా తిరిగి, గొంతు పోయేటట్టు మాట్లాడి నేను సాధించలేనిదాన్ని ఒక అబద్ధపు శాస్త్రం, ఒక తల్లి భయం కలిసి సాధించినాయి. ఇందుకు వాస్తుకు కృతజ్ఞత చెప్పమనేవాళ్లున్నారు. చెప్పను. తప్పు లెక్క వేసి సరైన జవాబు తెచ్చిన పిల్లవాణ్ణి నేను బడిలో పాస్ చేయలేదు, ఇక్కడా చేయను. జవాబు మాత్రం సరైనదే. దాన్ని సరైన లెక్కతో తేవడం మన పని.

కాబట్టి ఇది చదివినంక నాకు ఉత్తరాలు రాయవద్దు. చప్పట్లు కొట్టవద్దు. రేపు పొద్దున ఆఫీసు తెరిచేసరికి పోయి వేపచెట్టు కింద నిలబడండి. ఇల్లు మీ పేరు మీద ఉంటే మీ అమ్మ పేరు మీదికో, మీ భార్య పేరు మీదికో మార్చండి. కారణమేమని రాసే ఆయన అడుగుతాడు. ఆమె ఆ ఇంట్లో పని చేసింది, అది ఆమెది అని చెప్పండి. ఆయన ఏ మాట రాసినా సరే, సంతకం పెట్టి రండి.